ఏరు దాటించిన వీరుడు

గెడ్డవలస పురపాలక సంఘం కార్యాలయంలో చేతులున్న కుర్చీలు మూడంటే మూడు. ఒకటి కమిషనరు గారిది, అది గిర్రున తిరుగుతుంది. రెండోది ఇంజనీరు గారిది, తిరగదు గానీ మెత్తగా ఉంటుంది. మూడోది సూపరింటెండెంటుది. టేకు కర్ర, వైరు అల్లిక, ఎందరి మోచేతులో రాసి రాసి నున్నబడిన రెండు చేతులు. పాత సూపరింటెండెంటు రిటైరై ఎనిమిది నెలలైనా అందులో ఎవరూ కూర్చోలేదు.

కూర్చోవలసినవాడు సీనియర్ అసిస్టెంటు మజ్జి కూర్మారావు. ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా చేతుల్లేని కుర్చీలో కూర్చుని ఫైళ్ళు రాసినవాడు. మనిషికి మోచెయ్యి ఆనించుకునే చోటు లేకపోతే బతుకంతా ఇంటర్వ్యూకి వచ్చినట్టే ఉంటుందని అతని అభిప్రాయం. ఒకరోజు సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక ఆ టేకు కుర్చీలో కూర్చుని చూశాడు. రెండు నిమిషాలు కూర్చుని, లేచి, తువ్వాలుతో తుడిచి ఇంటికి వెళ్ళాడు. ఆ సంగతి భార్యకి కూడా చెప్పలేదు. పదోన్నతి జాబితా మార్చి నెలాఖరుకి వస్తుందన్నారు. జాబితాలో మొదటి పేరు అతనిదే.

జనవరి మొదటివారంలో రాజధాని నుంచి ఒక ఉత్తర్వు దిగింది.

"విషయం: పురపాలక సిబ్బందియందు వీరోచిత స్పందనా సామర్థ్యమును పెంపొందించుట – వీడియో క్రీడా మాధ్యమము – ఉత్తర్వులు జారీ చేయుట – గురించి" అని మొదలై అది ఆరు పేజీలు సాగింది. సారాంశం ఇది. రాజధానిలో ఎవరో పెద్దాయన విదేశంలో ఒక సదస్సుకి వెళ్ళి, అక్కడి హోటల్లో ఎవరో వీడియో గేమ్ ఆడుతుంటే చూశారు. అందులో ఒక మహావీరుడు నగరమంతా ఎగురుతూ, ఎవరు కేక పెట్టినా అక్కడ వాలిపోయి కాపాడుతున్నాడు. పౌరసేవ అంటే ఇది గదా అనుకున్నారు పెద్దాయన. గేమ్ పేరు 'గగనవీర'. దాన్ని శాఖకోసం ప్రత్యేకంగా తయారు చేయించారు. ఒకటే నగరం, మధ్యలో ఏరు, మొత్తం ఎనిమిది జోన్లు. "ఒక్కొక్క ఉద్యోగి ఒక్కొక్క జోనుకు బాధ్యుడై, మార్చి ముప్పదియొకటవ తేదీలోగా సదరు జోనునందు నూరు భద్రతా శాతము సాధించవలెను. సాధింపని వారి పేర్లు పదోన్నతి జాబితాలో పరిశీలింపబడవు" అన్నది చివరి పేరా.

కమిషనరు హేమసుందర్ గారు వెంటనే సమావేశం పెట్టారు. కుర్రాయన, ఉత్సాహవంతుడు, ఏ పథకం వచ్చినా మొట్టమొదట గెడ్డవలసలోనే నెగ్గాలని పట్టుదల.

"కూర్మారావు గారూ, ఇన్నాళ్ళూ మనం సర్వీస్ ప్రొవైడర్లం. ఇక నుంచి సూపర్ హీరోలం. మైండ్‌సెట్ మారాలి."

"మారుస్తానండి" అన్నాడు కూర్మారావు. "ఏ ఫారంలో దఖలు చెయ్యమంటారు?"

సమావేశ మందిరంలో ఎనిమిది కంప్యూటర్లు, ఒక్కొక్కదానికీ రెండు పుల్లలూ బటన్లూ ఉన్న ఆట పరికరం పెట్టారు. కూర్మారావుకి నాలుగో జోను, రేవు ప్రాంతం, దక్కింది. అర్జీలు తీసుకునే సీటు కూడా అతనిదే కాబట్టి బల్లను మందిరంలోకే జరిపించాడు. ఎడంచేతి వైపు అర్జీల కట్ట, కుడిచేతి వైపు మహావీరుడు.

ఇక ఆ మహావీరుడి కష్టాలు చెప్పుకుంటే ఒక పెద్ద ఫైలవుతుంది. ఎడమపుల్ల తిప్పితే మనిషి తిరుగుతాడు, కుడిపుల్ల తిప్పితే మన చూపు తిరుగుతుంది, రెండూ కలిపి తిప్పితే కూర్మారావు తల తిరిగేది. గోడ కనిపిస్తే చాలు, అక్కరున్నా లేకున్నా వీరుడు బల్లిలా దానికి అతుక్కునేవాడు. కింద ఇల్లు కాలిపోతుంటే తను మాత్రం మూడో అంతస్తు గోడ పట్టుకుని అటూ ఇటూ పాకేవాడు. దూకే బటనూ గుద్దే బటనూ పక్కపక్కనే ఉండడంతో దూకవలసినచోట గుద్దేవాడు, గుద్దవలసినచోట ఏట్లోకి దూకేవాడు. చచ్చిపోయిన ప్రతిసారీ ప్రతినాయకుడు ప్రపంచాన్ని ఎందుకు నాశనం చెయ్యదలిచాడో నాలుగు నిమిషాలు ఉపన్యసించేవాడు. దాన్ని దాటవేసే బటన్ లేదు. సమీక్షా సమావేశాల్లో రాటుదేలిన కూర్మారావుకి కూడా పదిహేడోసారి వినేసరికి దుర్మార్గుడి వాదనలో కొంత న్యాయం ఉన్నట్టు అనిపించింది.

నాలుగో జోనులో ఒక ముసలమ్మ ఉండేది. తలకి ఎర్ర రుమాలు కట్టుకుని రేవు బస్టాపులో కూర్చునేది. ఇద్దరు దొంగలు వచ్చి ఆమె సంచి లాక్కుని పారిపోయేవారు. ఆమె నేలమీద చతికిలబడి ఏడ్చేది. పది నిమిషాలకొకసారి ఇదే వరస, ప్రతిసారీ భద్రతా శాతం ఒక మెట్టు దిగేది. మొదటిరోజు కూర్మారావు ఎంతో ఆవేశంగా ఎగిరొచ్చి, దొంగని గుద్దబోయి, ముసలమ్మనే గుద్దాడు. 'పౌరుల విశ్వాసం తగ్గింది' అని తెరమీద అక్షరాలు వచ్చాయి. అతను కుర్చీలోంచి లేచి నిలబడి "క్షమించాలండి" అన్నాడు. పక్కనున్న వాళ్ళు వారంరోజులు నవ్వుకున్నారు, అతను కూడా నవ్వాడు గానీ ముసలమ్మ ముఖం గుర్తొచ్చి ఆ రాత్రి అన్నం సరిగా సయించలేదు.

ఆటలో ఆరితేరినది టైపిస్టు నూకరత్నం. నలభై ఏళ్ళ మనిషి, రెండో జోను ఆమెది. పాపం, జాలిపడి కూర్మారావుకి కిటుకులు చెప్పింది.

"సార్, గోడ దగ్గరికొచ్చినప్పుడు పరుగు బటన్ వదిలెయ్యండి, అతుక్కోడు. దొంగ ఎర్రగా మెరిస్తే మీరు పక్కకి దొర్లాలి. పసుపుగా మెరిస్తే గుద్దాలి. అంతేనండి, పెద్ద విద్యేం కాదు."

కూర్మారావు ఆ కిటుకులన్నీ నోటు ఫైలులో పేరాలు, ఉపపేరాలుగా రాసుకున్నాడు. దొంగ ఎర్రగా మెరిసినప్పుడు ఏడో పేరా తీసి చదివేలోగా వీరుడు నేల కరిచేవాడు. ఆ ఫైలు కమిషనరు గారి కంటపడింది. వారు ముచ్చటపడి, కిటుకులన్నిటినీ రిజిస్టరు చెయ్యాలనీ, ఆమోదం పొందని కిటుకును ఎవరూ వాడరాదనీ మెమో ఇచ్చారు. ఆపైన ఎగరడం పర్యటన కిందికి వస్తుందా రాదా అని అకౌంట్స్ విభాగం ఒక సందేహం లేవదీసింది. అది తేలేదాకా వీరులందరూ నడిచి వెళ్ళవలసిందిగా ఆదేశాలు వెళ్ళాయి. ఆ తొమ్మిది రోజులూ ఎనిమిదిమంది మహావీరులు, వీపున ఉత్తరీయాలు వేలాడుతుంటే, అగ్నిప్రమాదాలకి కాలినడకన వెళ్ళారు.

జనవరి ముగిసేసరికి నాలుగో జోను భద్రతా శాతం నాలుగు. టేకు కుర్చీ కూర్మారావు కళ్ళముందే దూరమైపోతోంది.

సోమవారం అర్జీల రోజు. రైలు గేటు వీధిలో ఉండే పైడమ్మ అనే ఆమె వచ్చేది. అరవై దాటిన మనిషి, గేటు దగ్గర వేరుశనక్కాయలు వేయించి అమ్ముకుంటుంది. ఆమె గుమ్మం ముందు కాలువ మీది సిమెంటు పలక విరిగిపోయింది. కొత్త పలక ఒక్కటి వెయ్యమని అర్జీ. అయితే ఆ వీధి సగం పట్నంలో, సగం పక్క పంచాయతీలో ఉంది. కూర్మారావు అర్జీ మీద "ఇది పంచాయతీ పరిధి. తగు చర్య నిమిత్తం బదిలీ చేయడమైనది" అని రాసి పంపేవాడు. పంచాయతీవాళ్ళు "ఇది పురపాలక పరిధి" అని రాసి తిప్పి పంపేవారు. రెండు వైపులా అర్జీ 'పరిష్కరించబడినది' అనే లెక్కలోకే వెళ్ళేది. పైడమ్మ మళ్ళీ సోమవారం వచ్చేది. తిరుగు బస్సుకి గంటన్నర టైము ఉంటుంది కాబట్టి కూర్మారావు పక్క బెంచీ మీద కూర్చుని తెర చూసేది.

"ఏటి బాబూ అది, సినిమాయా?"

"కాదమ్మా, డ్యూటీ."

"ఆ నీలం సొక్కావోడు ఎవురు?"

"నేనే."

పైడమ్మ కూర్మారావునొకసారి, తెరమీది కండల మనిషినొకసారి చూసింది. పెద్దమనిషి కాబట్టి ఇంకేమీ అడగలేదు.

ఫిబ్రవరి రెండో సోమవారం ఆమె ముఖం కందగడ్డలా ఉంది. పంచాయతీవాళ్ళు ఆ పూట కసిరి పంపించారట. కూర్మారావు అర్జీ అందుకుంటూనే ఒక కన్ను తెరమీద వేసి ఉంచాడు. అక్కడ ముసలమ్మ మళ్ళీ ఏడుస్తోంది, వీరుడు మళ్ళీ గోడకి అతుక్కుపోయి ఉన్నాడు.

"ఎందుకు బాబూ ఆ తిప్పలు?" అంది పైడమ్మ. "ఆలకాడికెల్తే ఈలకాడికి పొమ్మంతారు, ఈలకాడికొస్తే ఆలకాడికి పొమ్మంతారు. నన్ను దింపినట్టే ఆ ముసల్దాన్నీ ఎత్తుకెల్లి ఏరవతల దింపీరాదా? నీ గొడవొదిలిపోద్ది."

ఆమె కడుపుమండి అన్నమాట అది. దెప్పిపొడుపును సలహాగా తీసుకోవడం మాత్రం ఆఫీసు మనిషికే చెల్లింది. కూర్మారావుకి చెవిలో ఎవరో మంత్రం ఊదినట్టయింది. ఎత్తే బటన్ ఉంది, మనుషుల్నీ కార్లనీ ఎత్తడానికి. ముసలమ్మని ఎత్తాడు. ఆమె గాలిలో కాళ్ళు తన్నుకుంది. ఏరు దాటించి ఐదో జోను గట్టున మెల్లగా దింపాడు. నాలుగో జోను శాతం గణగణమని గంట మోగించుకుంటూ తొమ్మిదికి ఎక్కింది.

పైడమ్మ తెర చూసింది, కూర్మారావు ముఖం చూసింది. "బాగుంది బాబూ" అని చెప్పులేసుకుని బస్సుకి వెళ్ళిపోయింది.

ఇక కూర్మారావుకి పట్టపగ్గాల్లేవు. మంటల్లో చిక్కుకున్నవాళ్ళని, లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళని, దారితప్పిన పిల్లల్ని, అందరినీ ఎత్తి ఏరవతల దింపేశాడు. మంటలు ఆర్పనక్కర్లేదు, కేకలు వేసేవాళ్ళు లేకపోతే మంటని లెక్కలో వేసుకునే ఏర్పాటు గేములో లేదు. దొంగలతో అసలు పనే లేదు. దొంగలు అర్జీ పెట్టరు గదా. శుక్రవారం మధ్యాహ్నానికి నాలుగో జోను నూరు శాతం. రేవు ప్రాంతంలో ఒక్క మనిషి మిగల్లేదు.

కమిషనరు గారు పిలిపించారు. "ఎలా సాధించారు?"

"పరిధి మార్చానండి" అన్నాడు కూర్మారావు, తలవంచుకుని.

వారు కుర్చీలో ఒక చుట్టు తిరిగి, లేచి నిలబడి, చెయ్యి కలిపారు. "ఇది ఇన్నొవేషన్! దీనికి పేరు పెడదాం. పరిధి సమన్వయ విధానం. బెస్ట్ ప్రాక్టీస్ కింద రాజధానికి పంపిస్తాను. కూర్మారావు గారూ, ఆ టేకు కుర్చీ మీదే అనుకోండి."

కూర్మారావు సంతోషానికి అవధుల్లేవు. ఆ పూట ఇంటికి వెళ్తూ మిఠాయి కొన్నాడు. దొంగ పని చేశానని లోపల ఎక్కడో తెలుసు గానీ, ఇన్నేళ్ళుగా చేస్తున్న పనేగదా, కొత్తగా సిగ్గుపడడం దేనికని సర్దిచెప్పుకున్నాడు.

సోమవారం పొద్దున్నే శానిటరీ ఇన్‌స్పెక్టర్ జగ్గారావు విరుచుకుపడ్డాడు. ఐదో జోను అతనిది.

"ఏమండీ కూర్మారావు గారూ, ఇదేం న్యాయమండీ? మీ జనమంతా మా గట్టుమీద కూచుని గోలపెడుతున్నారు. నాది పదకొండు శాతానికి పడిపోయిందండీ!"

"ఇప్పుడు వాళ్ళు మీ పరిధే గదండీ" అన్నాడు కూర్మారావు మృదువుగా.

జగ్గారావు మాత్రం తక్కువ తిన్నాడా? ఆ జనాన్ని ఆరో జోనులో దింపాడు. ఆరువాళ్ళు ఏడులో, ఏడువాళ్ళు ఎనిమిదిలో. ఎర్ర రుమాలు ముసలమ్మ ఒక్కరోజులో ఎనిమిది జోన్లూ ఆకాశమార్గాన తిరిగి, సాయంత్రం ఐదింటికి మళ్ళీ రేవు బస్టాపులో దిగింది. ఆఫీసులో ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేశారు. కమిషనరు గారు సమన్వయ కమిటీ వేశారు. మూడురోజులు చర్చించి కమిటీ ఒక గొప్ప విషయం కనిపెట్టింది. నగరానికి అవతల, సముద్రంలో దీపస్తంభం ఉన్న చిన్న దిబ్బ ఒకటుంది. అది ఏ జోనుకీ చెందదు.

మార్చి రెండోవారానికి నగరంలోని జనం మొత్తం ఆ దిబ్బ మీద ఉన్నారు. చోటు చాలక ఒకరి భుజాల మీద ఒకరు నిలబడ్డారు. ఆకలితో కేకలు పెట్టారు గానీ, ఏ జోనుకీ చెందని కేకలు ఏ శాతంలోకీ రావు. ఎనిమిది జోన్లూ నూటికి నూరు. నిర్మానుష్యమైన వీధుల్లో దొంగలు మాత్రం తాపీగా షికారు చేసేవారు, వీరుడు ఎదురైతే దారి ఇచ్చేవారు.

రాష్ట్రంలో నూరు శాతం సాధించిన మొదటి పట్నం గెడ్డవలస. కళ్ళారా చూడడానికి రాజధాని నుంచి డైరెక్టరు గారు వస్తున్నారని కబురొచ్చింది. మార్చి చివరి సోమవారం ప్రదర్శన, ఆడి చూపించవలసినది కూర్మారావు. సూపరింటెండెంటు పదోన్నతి పత్రం టైపయి సంతకం కోసం సిద్ధంగా ఉంది. ప్రదర్శన ముగియగానే డైరెక్టరు గారి చేతుల మీదుగా ఇప్పిస్తామని కమిషనరు గారు మాటిచ్చారు.

మందిరం గోడకి పెద్ద తెర కట్టారు. పూలదండలు, జీడిపప్పు, సీసాల్లో నీళ్ళు. అర్జీల రోజు కావడంతో పైడమ్మ కూడా వచ్చింది. ఈసారి కుంటుతూ వచ్చింది, కాలికి కట్టు ఉంది.

"కాలికేమయింది?" అన్నాడు కూర్మారావు.

"ఏటవుద్ది బాబూ. శనోరం మసకేల నా కాలవలో నానే పడిపోనాను. ఇరగనేదు, బెణికినాది." ఎప్పటి బెంచీ మీద కూర్చుంది. ఆమెని బయటికి పంపడానికి అటెండరు వచ్చేలోగా డైరెక్టరు గారు వచ్చేశారు.

డైరెక్టరు గారు గొంతు సవరించుకుని ఉపన్యసించారు. "పౌరుడి నుంచి సమస్యను తొలగించడం పాత ఆలోచన. సమస్య నుంచి పౌరుణ్ణి తొలగించడం కొత్త ఆలోచన. ఈ దార్శనికతకు గెడ్డవలస పురుడు పోసింది." చప్పట్లు మోగాయి. కూర్మారావు చెమటపట్టిన చేతుల్ని ప్యాంటుకి తుడుచుకుని ఆట మొదలుపెట్టాడు.

ఖాళీ రేవు. సరిగ్గా అనుకున్న వేళకి బస్టాపులో ఎర్ర రుమాలు ముసలమ్మ ప్రత్యక్షమైంది. ఆమెని ఎన్నిసార్లు దిబ్బమీద దింపినా, ఆట కొత్తగా మొదలుపెట్టినప్పుడల్లా గేము మళ్ళీ తెచ్చి అక్కడే కూర్చోబెట్టేది. దొంగలు వచ్చారు, సంచి లాక్కున్నారు, ఆమె చతికిలబడింది. కూర్మారావు వీరుణ్ణి చులాగ్గా దించి, ముసలమ్మని ఎత్తాడు. ఆమె గాలిలో కాళ్ళు తన్నుకుంది.

"అయ్యో, మల్లీ దాన్నే" అంది పైడమ్మ. గట్టిగా కూడా అనలేదు.

కూర్మారావు బొటనవేలు ఆగింది. వెనక జీడిపప్పు నమిలే శబ్దం వినిపిస్తోంది. పత్రం కమిషనరు గారి ముందున్న ట్రేలో ఉంది, అది అతనికి కనిపిస్తూనే ఉంది. ఒక్క ఏరు దాటించి, దిబ్బమీద దింపేస్తే చాలు. ఏమనుకున్నాడో అతనికే తెలియదు, ముసలమ్మని తిరిగి బస్టాపు బెంచీ మీద కూర్చోబెట్టాడు. దొంగల వెంట పడ్డాడు.

గోడ దగ్గర పరుగు బటన్ వదిలేశాడు. వీరుడు అతుక్కోలేదు. మొదటి దొంగ ఎర్రగా మెరిశాడు, కూర్మారావు దొర్లాడు. పసుపుగా మెరిశాడు, గుద్దాడు. నోటు ఫైలు చూడకుండానే వేళ్ళు వాటంతటవే ఆడుతున్నాయి. రెండో దొంగ పిట్టగోడ దూకి పారిపోతుంటే పైనుంచి వాలి సంచి లాక్కున్నాడు. నూకరత్నం వెనకనుంచి "అద్దీ!" అని అరిచి నోరు మూసుకుంది. వీరుడు సంచి తీసుకెళ్ళి ముసలమ్మ ఒడిలో పెట్టాడు.

ఆమె సంచిలో చెయ్యి పెట్టి తాళాలగుత్తి తీసింది. "నా ఇంటి తాళాలు నాయనా. ఇక ఇంటికి పోతాను" అంది. మెల్లగా లేచి, సందు దాటి, ఒక నీలం తలుపు తాళం తీసుకుని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. మూడు నెలలుగా ఆ సంచిలో ఏముందో ఆఫీసులో ఏ ఒక్కరికీ తెలియదు. ఆమెకి ఇల్లుందనీ తెలియదు. కూర్మారావుకి కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. ముప్ఫయ్యొక్క ఏళ్ళ ఉద్యోగంలో అంత సంతోషం అతనెన్నడూ ఎరగడు.

తెరమీద అక్షరాలు వచ్చాయి. 'ఒక సమస్య పరిష్కారమైంది. పౌరులకు నమ్మకం కలిగింది. తిరిగి వస్తున్నారు.'

దిబ్బ మీది జనం కదిలారు. పడవలెక్కినవాళ్ళు ఎక్కారు, ఈదగలిగినవాళ్ళు ఈదారు. వేలమంది ఏడుస్తూ, కేకలు వేస్తూ, ఎవరి జోనుకి వాళ్ళు వచ్చేశారు. ఎనిమిది శాతాలూ దబదబా జారి మూడు దగ్గర ఆగాయి. గెడ్డవలస రాష్ట్రంలో ఆఖరు స్థానంలోకి వెళ్ళింది.

"నేరుగా కాపాడమని ఎవరు ఉత్తర్వు ఇచ్చారు?" అన్నారు డైరెక్టరు గారు.

"సార్, ఇది... డీవియేషన్ సార్" అన్నారు కమిషనరు గారు. పదోన్నతి పత్రాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు.

సాయంత్రానికి మెమో వచ్చింది. "ముందస్తు అనుమతి లేకుండా, పై అధికారుల సమక్షమున, ఒక పౌరురాలిని నేరుగా కాపాడి, తద్వారా ఇతర పౌరులలో ఆశలు రేకెత్తించినందుకు" సంజాయిషీ ఇవ్వాలి. ఉద్దేశపూర్వకమైతే జాబితాలోంచి పేరు తొలగిస్తారు. పొరపాటైతే మన్నించి, అంతకుముందు సాధించిన నూరు శాతాన్నే లెక్కలోకి తీసుకుంటారు.

కూర్మారావు రెండు రాత్రులు మథనపడి రాశాడని చెబితే బాగుండేది. కానీ పదినిమిషాల్లో రాసేశాడు. "నాకు సదరు వృద్ధురాలిని కాపాడు ఉద్దేశము ఎంతమాత్రమును లేదనియు, చెయ్యి జారుటచే అట్లు జరిగినదనియు, ఇకమీదట జరగకుండ జాగ్రత్త వహించగలననియు సవినయముగా మనవి." అంత చక్కటి సంజాయిషీ తన సర్వీసులో ఎవరికీ రాసిపెట్టలేదు. రాసి, సంతకం పెట్టి, బాత్రూములోకి వెళ్ళి చాలాసేపు ముఖం కడుక్కున్నాడు.

సంజాయిషీకి సాక్ష్యం కావాలన్నారు. అందరికన్నా దగ్గరగా కూర్చున్నది పైడమ్మ. ఆమెని పిలిపించారు. కమిషనరు గారు అడిగారు, నూకరత్నం టైపు చేసింది, కూర్మారావు నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు.

"అమ్మా, ఈయన ఆ ముసలమ్మని కావాలని కాపాడారా, పొరపాటున కాపాడారా?"

పైడమ్మ కూర్మారావు వంక చూసింది. ఆ రోజు అతని కళ్ళల్లో నీళ్ళు తిరగడం ఆమె ఒక్కతే చూసింది.

"కావాలనా? ఈ బాబా?" అంది. "మూడు నెల్ల నుంచి సూస్తన్నాను గదా. ఈ బాబుకి ఒకల్ని కాపాడే అలవాటు నేదు. సెయ్యి జారిపోనాది, అంతే."

కమిషనరు గారి ముఖం వికసించింది. రెండు రోజులకే ఉత్తర్వు వచ్చింది. "సదరు ఉద్యోగికి ఎవరినీ కాపాడు అలవాటు లేదని సాక్షి వాంగ్మూలము ద్వారా నిర్ద్వంద్వముగా రుజువైనందున, శ్రీ మజ్జి కూర్మారావుకు సూపరింటెండెంటుగా పదోన్నతి కల్పించడమైనది." కూర్మారావు దాన్ని రెండుసార్లు చదివాడు. సర్వీసు రిజిస్టరు నిండా ఎంతమంది ఎన్ని రాశారో గానీ, తన గురించి ఇంత నిజం ఎవరూ రాయలేదనుకున్నాడు.

టేకు కుర్చీలో కూర్చున్నాడు. మోచేతులు రెండూ ఆనాయి. అనుకున్నంత సుఖంగానూ ఉంది. అదే అతనికి మరింత కష్టంగా తోచింది.

సోమవారం పైడమ్మ కుంటుతూ వచ్చి అర్జీ బల్లమీద పెట్టింది.

"మొన్న ఎందుకలా చెప్పావమ్మా?" అన్నాడు కూర్మారావు.

"ఏటి, అబద్దం సెప్పినానా బాబూ?"

కూర్మారావు చెయ్యి చాచాడు. అర్జీ తీసుకున్నాడు. పాత పరిధి రాతలన్నీ దానిమీద ఒకదాని కింద ఒకటి ఉన్నాయి, సగం అతనివే. వాటి కింద "అత్యవసరం. ఈ రోజే పలక వేయవలెను" అని రాసి, సూపరింటెండెంటుగా మొదటి సంతకం పెట్టి, నూకరత్నం చేతికిచ్చాడు.

ఆమె చదివి కంగారుపడింది. "సార్, ఇది రైలు గేటు వీధండి. పరిధి ఇంకా తేలలేదు గదండీ. మంజూరు చేసేశారు!"

"చెయ్యి జారిందమ్మా" అన్నాడు కూర్మారావు.

నూకరత్నం అతని ముఖం కేసి చూసింది. కాగితం మిషన్లో పెట్టి టైపు చేసింది. మధ్యాహ్నం మూడింటికి ఇద్దరు మనుషులు కొత్త పలక మోసుకెళ్ళి వేసి వచ్చారు.

ఆ తరువాత రిటైరయ్యేదాకా కూర్మారావు చెయ్యి మరో పదకొండుసార్లు జారింది. ప్రతిసారీ మెమో వచ్చింది, ప్రతిసారీ సంజాయిషీ రాసిచ్చాడు. అన్నేళ్ళ సర్వీసుకి పదకొండు చాలా తక్కువని అతనికీ తెలుసు.